తూనికలు, కొలతల శాసనము
1956 శీతకాల సమావేశములో పార్లమెంటు చేసిన పని

పార్లమెంటు సమావేశము ముగియగానే పత్రికలలో ఒక లెక్క వెలువడుట ఆనవాయితీ. సభ ఇన్ని దినములు కూడినది, ఇన్ని గంటలు చర్చ సాగినది, ఇన్ని బిల్లులు ఆమోదము పొందినవి అని అందులో ఉండును. విద్యార్థులు ఆ సంఖ్యలను పరీక్ష కొరకు వల్లించి, పరీక్ష ముగియగానే మరచిపోవుదురు. ఆ లెక్క తప్పని ఎవరును అనరు. కాని ఒక శాసనము ఊరి సంతలోని త్రాసు వరకు చేరినదా లేదా అన్న సంగతి అందులో కనిపించదు. దీనికి 1956 నవంబరు, డిసెంబరు నెలలలో జరిగిన శీతకాల సమావేశము చక్కని నిదర్శనము.

మొదటి లోక్‌సభకు అది ఇంచుమించు తుది ఘట్టము. 1957 ఆరంభములో రెండవ సార్వత్రిక ఎన్నికలు జరుగవలసి ఉన్నవి. లోక్‌సభ రద్దయినచో ఆ సభ ముందున్న బిల్లులన్నియు వాటంతట అవే రద్దగును; క్రొత్త సభలో మరల మొదటినుండి ప్రవేశ పెట్టవలెను. కనుకనే ఆ శీతకాలమున సభలు త్వరపడినవి. డిసెంబరు 21 నుండి 30 వరకు గల పది దినములలో ముప్పదికి పైగా శాసనములకు రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు ఆమోద ముద్ర పడినది. అప్పుడు లోక్‌సభకు స్పీకరు తిరుపతి ప్రాంతమునకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. రాజ్యసభకు అధ్యక్షులు, ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్.

ఆ శాసనములలో పెద్దవి కొన్ని ఉన్నవి. రాష్ట్రమునుండి రాష్ట్రమునకు సాగు అమ్మకములపై పన్నును క్రమపరచిన కేంద్ర అమ్మకపు పన్ను చట్టము వాటిలో ఒకటి. వైద్యుల రిజిస్ట్రేషనును, వైద్య విద్య ప్రమాణములను నిర్ణయించిన భారత వైద్య మండలి చట్టము ఇంకొకటి. దీనికి బదులు 2019లో వేరొక చట్టము వచ్చినది. హిందూ దత్తత, మనోవర్తి చట్టము మూలమున ఆడపిల్లను దత్తత చేసికొనుటకును, స్త్రీ తనకై తాను దత్తత తీసికొనుటకును దారి ఏర్పడినది. హిందూ ధర్మశాస్త్ర సంస్కరణకై 1955, 1956 సంవత్సరములలో వచ్చిన నాలుగు చట్టములలో ఇదియే చివరిది. ఇవన్నియు పత్రికలలో పెద్ద అక్షరములతో చర్చకు వచ్చినవి. వీటి నడుమ, డిసెంబరు 28న, 1956వ సంవత్సరపు 89వ చట్టముగా నమోదైన తూనికలు, కొలతల ప్రమాణముల చట్టము అంత సందడి లేకుండ వెలువడినది. ఐనను ప్రతి ఇంటి వంటగదిలోనికి నేరుగా ప్రవేశించినది అదియే.

బిల్లు చట్టమగు క్రమము పౌరశాస్త్ర పుస్తకములలో ఉన్నదే. ప్రవేశము, అంశము వెంట అంశముగా పరిశీలన, తుది ఆమోదము, రెండవ సభలో అదే తంతు, పిమ్మట రాష్ట్రపతి ఆమోదము, గెజెట్టులో ప్రకటన. విజ్ఞాన విద్యార్థికి ఆసక్తి కలిగించునది ఇంకొకటి. “కిలోగ్రాము అనగా ఎంత?” అను ప్రశ్నకు సామాన్యముగా భౌతిక శాస్త్రజ్ఞుడు జవాబు చెప్పవలెను. ఇక్కడ ఆ జవాబును సభలో ఓటుకు పెట్టవలసి వచ్చినది. ఎందువలన?

అప్పటి స్థితిని ఊహించుకొనినచో కారణము తెలియును. ఆ సమావేశమునకు కొద్ది దినముల ముందే, 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. కోస్తా, రాయలసీమ జిల్లాలలో మదరాసు రాజ్యపు తూనికలు వాడుకలో ఉండెను. పలము అనగా 3 తులములు, 40 పలములు వీశె, 8 వీశెలు మణుగు. ఈ మణుగు నేటి లెక్కలో సుమారు 11.2 కిలోగ్రాములు. అదే మనిషి రైలు స్టేషనుకు పోయి సరకు బరువు వేయించినచో అక్కడి మణుగు వేరు. 80 తులముల సేర్లు 40 కలిసిన ఆ మణుగు 37.3 కిలోగ్రాములు. మాట ఒక్కటే, బరువు మూడు రెట్లకు మించి తేడా! ధాన్యమును తూచుట కంటె కొలుచుటయే పరిపాటి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. ఆపైన కుంచము, తూము, పుట్టి. ఈ పేర్లు అంతటను ఒక్కటే కాని, కుంచములో పట్టు గింజలు ఒక తాలూకాలో ఉన్నట్లు మరియొక తాలూకాలో ఉండెడివి కావు. ఒకచోట అంచువరకు తలకొట్టి కొలిచెదరు, ఇంకొకచోట పైన శిఖ నిలుచునట్లు పోసి కొలిచెదరు. కొనునప్పుడు ఒక మానిక, అమ్మునప్పుడు మరియొక మానిక ఉంచుకొను వర్తకుని పట్టుకొనవలెనన్నను, సరియైన మానిక ఏది అని ముందుగా చెప్పగలవారు ఉండవలెను కదా.

తెలంగాణములో చిక్కు ఇంకను ఎక్కువ. హైదరాబాదు సంస్థానమునకు తన సొంత నాణెము, హాలీ సిక్కా, ఉండెడిది. 7 హాలీ రూపాయలు 6 భారత రూపాయలకు సమానము. 1950లో భారత రూపాయి అక్కడ ప్రవేశించిన తరువాత కూడ కొన్ని సంవత్సరములు హాలీ రూపాయి చేతులు మారుచునే ఉన్నది. ఒకే రాష్ట్రముగా ఏర్పడిన జిల్లాలలో కర్నూలు వర్తకుడు, మహబూబ్‌నగరు రైతు బేరమాడవలెనన్నచో, ధర తెగుటకు ముందు బరువునకు, రూపాయికి అర్థము తేల్చుకొనవలసి వచ్చెడిది.

పాత లెక్కలన్నియు మూఢత్వమని కొట్టివేయుట న్యాయము కాదు. 2, 4, 8, 16 అను వరుస వాటిలో మాటిమాటికి వచ్చుటకు మంచి కారణమున్నది. త్రాసు చేతిలో ఉన్నచో ఒక రాశిని సరిగా సగము చేయుటకు తూనికరాయితో పనిలేదు. రెండు తట్టలలోను సరకునే పోసి ముల్లు నిలుచునట్లు చేసిన చాలును. ఇట్లు నాలుగు పర్యాయములు సగము చేసినచో పదునారవ వంతు, అనగా వీసము, దొరకును. రూపాయిలో వీసము అణా. పైగా 1, 2, 4, 8 అను నాలుగు రాళ్ళతో 1 నుండి 15 వరకు ఏ బరువునైనను తూచవచ్చును. దశాంశ పద్ధతిలో నాలుగే రాళ్ళు, 1, 2, 2, 5, తీసికొనినచో 10 వరకే తూచగలము. త్రాసు దగ్గర పాత పద్ధతియే మేలు.

చిక్కు వచ్చినది కాగితము దగ్గర. అంకెలు వ్రాయుట పదుల లెక్కలో, తూచుట పదునారుల లెక్కలో. ఈ రెంటికి పొత్తు కుదరదు. ఒక ఉదాహరణ చూడుడు. మణుగు ధర 14 రూపాయల 12 అణాలు. 3 మణుగుల 16 సేర్లకు ఎంత? మణుగునకు 40 సేర్లు, రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. మణుగులను సేర్లుగను, రూపాయలను అణాలుగను మార్చి, గుణించి, భాగించి, మరల వెనుకకు మార్చినచో 50 రూపాయల 2 అణాల 5 పైలకు కొద్దిగా తక్కువ వచ్చును. ఇప్పుడు క్వింటాలు ధర 14.75 రూపాయలు, సరకు 3 క్వింటాళ్ళ 40 కిలోలు అనుకొనుడు. 14.75ను 3.4తో గుణించుటయే పని. 50 రూపాయల 15 పైసలు. పాత పద్ధతిలో ఈ లెక్కకు పలక నిండెడిది. ఆ కాలమున పాఠశాలలలో అంకగణితమునకు కేటాయించిన గంటలలో ఎంత భాగము ఇట్టి మార్పిడులకు పోయెడిదో ఆనాటి ఉపాధ్యాయులకు తెలియును. లెక్క చేయలేని కొనుగోలుదారు వర్తకుని నోటిమాటను నమ్మవలసిందే. చదువురాని కూలికి అప్పుడు తన కూలి గింజలు సరిగా వచ్చినవో లేదో తెలిసికొను ఉపాయము లేదు.

మెట్రిక్ పద్ధతిని భారతదేశములో శాసనము చేయుట 1956లోనే మొదలు అనుకొనుట పొరపాటు. 85 సంవత్సరములకు ముందే, మేయో ప్రభువు రాజప్రతినిధిగా ఉన్న కాలమున, 1871లో ఒక చట్టము వచ్చినది. అందులో ‘సేరు’ అను పేరే ఉంచి, దాని బరువును కిలోగ్రామునకు సమానముగా నిర్ణయించినారు. ఆలోచన చక్కనిదే, ప్రజలకు మాట పాతది, బరువు మాత్రము క్రొత్తది. కాని ఆ చట్టమును అమలుపరచుటకు రాళ్ళు పోయించినవారు లేరు, త్రాసులను తనిఖీ చేయువారు లేరు. అది పుస్తకములోనే నిలిచిపోయినది. పిమ్మట 1889లో ఆంగ్లేయుల గజమును పొడవునకు ప్రమాణముగా మరియొక చట్టము నిర్ణయించినది. 1939 నాటి చట్టము తులము 180 గ్రెయినులనియు, సేరు 80 తులములనియు, మణుగు 40 సేర్లనియు తేల్చినది. ఇది బరువులకు మాత్రమే. ధాన్యము కొలుచు మానికల జోలికి అది పోలేదు.

1956 చట్టము ఇదే గతి పట్టకుండుటకు గల కారణములను గమనింపవలెను.

మొదటిది రాజ్యాంగము చేసిన పని విభజన. ప్రమాణములను నిర్ణయించుట కేంద్ర జాబితాలో 50వ అంశము. ఆ ప్రమాణములు సంతలో నడచునట్లు చూచుట ఆ కాలమున రాష్ట్ర జాబితాలో 29వ అంశముగా ఉండెను. కనుక పార్లమెంటు చేసిన చట్టము సగము పని మాత్రమే. కిలోగ్రాము ఎంతయో ఢిల్లీ చెప్పును. దొంగ రాయిని పట్టుకొని జరిమానా వేయుటకు అప్పుడు రాష్ట్ర శాసనసభ వేరొక చట్టము చేయవలసి ఉండెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ అమలు చట్టమును 1958లో చేసినది. ఈ రెండవ సగము లేనిదే మొదటి సగమునకు విలువ లేదు.

రెండవది శాస్త్రసమ్మతమైన పునాది. చట్టము పొడవునకు మీటరు, ద్రవ్యరాశికి కిలోగ్రాము, కాలమునకు సెకండు అని మూలమానములను నిర్ణయించుటతో పాటు విద్యుత్ ప్రవాహమునకు, ఉష్ణోగ్రతకు, కాంతి తీవ్రతకు కూడ మూలమానములను చేర్చినది. 1954లో జరిగిన తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ అంగీకరించిన ఆరు రాశులు ఇవియే. మాటలతో నిర్వచించిన చాలదు గనుక వస్తువు చేతికి రావలెను. ఆ కాలమున కిలోగ్రాము అనగా పారిస్ సమీపమున సేవ్ర్ గ్రామములో భద్రపరచిన ఒక లోహపు స్తూపము. అది నూటికి 90 పాళ్ళు ప్లాటినము, 10 పాళ్ళు ఇరిడియము కలిపి చేసినది. తుప్పు పట్టదు, అరుగుట మిక్కిలి తక్కువ. దానికి సరితూగు ప్రతిని ప్రభుత్వము సంపాదించి, అంతర్జాతీయ కార్యాలయముచే ధ్రువీకరింపజేసి, దేశములో భద్రపరచవలెనని చట్టము ఆదేశించినది. 57వ సంఖ్య గల ఆ ప్రతి న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరినది. 1875 నాటి మీటరు ఒడంబడికలో భారతదేశము 1957లో సభ్యత్వము పొందినది.

ఇందులో ఒక చిన్న విచిత్రమున్నది. లీటరు అనగా ఘన డెసిమీటరే అని విద్యార్థులు నేర్చుకొందురు. 1901 నుండి 1964 వరకు అది సరిగా అట్లు లేదు. అధిక సాంద్రత గల ఉష్ణోగ్రత వద్ద ఒక కిలోగ్రాము శుద్ధ జలము ఆక్రమించు చోటును లీటరు అనిరి. కొలిచి చూడగా అది 1.000028 ఘన డెసిమీటర్లని తేలినది. పాలు కొనువానికి ఈ తేడా లెక్కలోనిది కాదు. ప్రయోగశాలలో మాత్రము తలనొప్పి. 1964లో అంతర్జాతీయ మహాసభ లీటరును మరల సరిగా ఘన డెసిమీటరునకు సమానము చేసినది.

ఢిల్లీలోని ప్లాటినము ముక్కను ఎవరును సంతకు తీసికొనిపోలేరు. దానితో పోల్చి కొన్ని ప్రమాణపు రాళ్ళు, వాటితో పోల్చి రాష్ట్రముల ప్రయోగశాలలకు వేరు రాళ్ళు, వాటితో పోల్చి ఇన్‌స్పెక్టర్లు తనిఖీకి వాడు రాళ్ళు, చిట్టచివరకు వర్తకుని రాయి. ఇట్లు మెట్టు మెట్టుగా దిగవలెను. మెట్టు దిగినకొలది కొంత సూక్ష్మత తగ్గును. ఎంతవరకు తగ్గవచ్చునో నియమములు చెప్పును. ఈ ప్రమాణపు రాళ్ళలో ముఖ్యమైనవి బొంబాయి టంకశాలలో తయారైనవి. వర్తకుల కొరకు పోతయినుముతో ఆరు పలకల రాళ్ళు వచ్చినవి. ఆ రాయికి ఉన్న రంధ్రములో సీసము నింపి ఉండుట విద్యార్థులు చూచియే ఉందురు. పోత పోసినప్పుడు బరువు సరిగా కుదరదు. కావలసినంత సీసము చేర్చి సరిచేసి, ఆ మెత్తని సీసము మీదనే ఇన్‌స్పెక్టరు ముద్ర వేయును. సీసమును గీకి బరువు తగ్గించినచో ముద్ర కూడ చెడును. మోసమునకు చిన్న తాళము వేసిన ఉపాయమిది.

మూడవ కారణము నాణెము. 1955లోనే పార్లమెంటు నాణెముల చట్టమును సవరించి రూపాయికి 100 పైసలు అని నిర్ణయించినది. 1957 ఏప్రిల్ 1 నుండి ‘నయా పైసలు’ చెలామణికి వచ్చినవి. పాతపైసతో పొరబడకుండుటకు చేర్చిన ‘నయా’ అను మాటను 1964 జూన్ 1న తొలగించినారు. ఈ మార్పులో కూడ సన్నని చిక్కొకటి ఉండెను. అణాకు 6.25 నయా పైసలు వచ్చును. పావు పైస నాణెము లేదు. సగము గాని అంతకు తక్కువ గాని ఐన భిన్నమును వదలి, సగమునకు మించినచో ఒక పైసగా లెక్కించవలెనని నియమము చేసిరి. కనుక ఒక అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, పావలాకు 25. నాలుగు వస్తువులను విడివిడిగా అణా చొప్పున కొన్నవాడు 24 పైసలు ఇచ్చును. నాలుగును కలిపి కొన్నవాడు 25 ఇవ్వవలెను! ‘అణాకు ఏడు పైసలు’ అని అడిగిన దుకాణదారునకు మాత్రము చట్టము ఏ ఆధారమును ఇవ్వలేదు. ఈ పట్టికను ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాయించి, ఎక్కడ ఎవరికి నష్టమో విద్యార్థులచే కనుగొనిపించినచో అంచనా విలువల పాఠము సులభముగా బోధపడును.

నాణెము ముందు, తూనిక తరువాత అను వరుస మంచిదైనది. పదుల లెక్క చేతిలోని డబ్బుతో అలవాటైన పిమ్మట గ్రాములు వచ్చినవి. చట్టము కూడ అన్నింటిని ఒక్క దినమున మార్చుమని పట్టుబట్టలేదు. వేరువేరు ప్రాంతములకు, వేరువేరు వ్యాపారములకు వేరువేరు తేదీలలో అమలుపరచుటకు పది సంవత్సరముల గడువు ఇచ్చినది. 1958 అక్టోబరు 1న కొన్ని ఎంపికచేసిన ప్రాంతములలో మెట్రిక్ తూనికలు మొదలైనవి. కొంతకాలము పాత రాళ్ళు, క్రొత్త రాళ్ళు ప్రక్కప్రక్కనే నడచినవి. 1962 ఏప్రిల్ 1 నుండి ఇతర తూనికలను నిషేధించినారు.

ప్రక్కప్రక్కన నడచిన ఆ దినములే ప్రమాదకరమైనవి. వీశె ఇంచుమించు 1.4 కిలోగ్రాములు. వీశె 7 రూపాయలకు అమ్మిన నేతిని కిలో 5 రూపాయలకు అమ్మవలెను. కిలో అయిదున్నర అనినచో, ‘వీశెకంటె చౌక కదా’ అని కొనువాడు సంతోషించును గాని, నిజమునకు నూటికి 10 వంతు ఎక్కువ ఇచ్చినట్లు. సేరు సంగతి తలక్రిందులు. సేరు 933 గ్రాములు గనుక కిలో ధర సేరు ధరకంటె నూటికి 7 వంతు ఎక్కువగా ఉండుట న్యాయమే. దానినే మోసమని తగవులాడుటకు అవకాశమున్నది. అందుచేతనే చట్టమునకు అనుబంధముగా పాత కొలతలకు క్రొత్త విలువలు ముద్రించినారు. బడి పిల్లలు ఆ పట్టికలు వల్లించి ఇంట్లో పెద్దలకు చెప్పవలసిన కాలమది.

1956 చట్టము స్థానమున 1976లో విపులమైన చట్టము, ఆ తరువాత 2009 నాటి చట్టబద్ధ తూనికలు, కొలతల చట్టము వచ్చినవి. ఈ చివరిది 2011 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. అంగడిలో దొరకు పొట్లము మీద లోపలి సరకు నికర బరువు ముద్రించి ఉండుట ఈ వరుస చట్టముల ఫలమే. మూలమానముల నిర్వచనములు కూడ మారినవి. 1983 నుండి మీటరు అనగా శూన్యములో కాంతి ఒక సెకండులో 29,97,92,458వ వంతు కాలమున పోవు దూరము. 2019 మే 20 నుండి కిలోగ్రాము కూడ లోహపు ముక్కను విడిచి, ప్లాంక్ స్థిరాంకము మీద ఆధారపడినది. సేవ్ర్‌లోని స్తూపము ఇప్పుడు ప్రమాణము కాదు, పూజ్యమైన పాత వస్తువు. సంతలోని ఆరు పలకల రాయికి మాత్రము ఈ మార్పు వలన ఒక రవ్వయు తేడా రాలేదు. రాకుండునట్లే శాస్త్రజ్ఞులు స్థిరాంకపు విలువను కుదిర్చినారు.

చట్టము చేరని చోట్లు కూడ ఉన్నవి. బంగారపు దుకాణములో నేటికిని తులము మాట వినవచ్చును. కాని ఆ తులము పూర్వపు 11.66 గ్రాముల తులము కాదు. వాడుకలో 10 గ్రాములనే తులమనుచున్నారు. 1871 నాటి శాసనకర్తలు సేరు విషయమున తలపెట్టి చేయలేకపోయిన పనిని, పాత పేరునకు క్రొత్త బరువు తగిలించుటను, ఇక్కడ ప్రజలే చేసికొన్నారు. భూమి దగ్గర అది కూడ జరుగలేదు. హెక్టారు పాఠ్యపుస్తకములలోను, ప్రభుత్వపు లెక్కలలోను ఉన్నది. పొలము బేరము మాత్రము కోస్తాలో ఎకరములు, సెంట్లలోను, తెలంగాణములో ఎకరములు, గుంటలలోను, ఇంటిస్థలము బేరము గజములలోను సాగుచున్నది.